తడి చెంగు నీళ్ళు

యాభై రెండేళ్ళ వయసులో, కాలిఫోర్నియాలో మా ఇంటికి దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం ఆంత్రొపాలజీ క్లాసులో చేరాను. చుట్టూ పందొమ్మిదేళ్ళ పిల్లలు. మూడో వారం మేడమ్ ఇషి అనే ఒకతని గురించి చెప్పారు.

1911 ఆగస్టులో ఓరోవిల్ ఊరి దగ్గర ఒంటరిగా బయటికొచ్చిన యాహీ తెగ మనిషి. వలస వచ్చిన తెల్లవాళ్ళు అతని జనాన్ని వేటాడి చంపేశారు. ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ అనే మానవశాస్త్రవేత్త అతన్ని శాన్ ఫ్రాన్సిస్కోలో యూనివర్సిటీ మ్యూజియంలో ఉంచాడు. ఆ యాహీ మనిషి తన సొంత పేరు ఎవరికీ చెప్పలేదు. ఇషి అంటే వాళ్ళ భాషలో మనిషి అని అర్థం, అంతే. ఇషి 1916 మార్చిలో క్షయతో పోయాడు. శవాన్ని కోయొద్దని క్రోబర్ న్యూయార్క్ నుంచి ఉత్తరం రాశాడు, కానీ కోశారు. దేహాన్ని దహనం చేసి మెదడును మాత్రం అట్టేపెట్టారు. తర్వాత దాన్ని స్మిత్సోనియన్ సంస్థకు పంపినవాడు ఆ క్రోబరే.

"పోయినవాడికి తెలియదు కదా, ఇందులో నష్టమేముంది?" అనడిగాడొక కుర్రాడు. వాడిది నిజమైన సందేహం. నేను నోరు విప్పలేకపోయాను.

కొవ్వూరులో మా నాన్న నాకు గీత చెప్పారు. ఒళ్ళు విడిచేసిన బట్ట అన్నారు. ఆయన పోయినప్పుడు వీసా కాగితాలు చేతిలో లేక వెళ్ళలేకపోయాను. సంచయనం అయ్యాక తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఒక్క ఎముక వదలకుండా ఏరాను. గోష్పాదం రేవులో కలిపాను." ఆ మాటతో నా గుండె కుదుటపడింది. విడిచేసిన బట్టే అయితే ఎందుకు కుదుటపడాలి?

ఏడవద్దని అర్జునుడికి చెప్పిన భారతంలోనే, స్త్రీపర్వంలో ధర్మరాజు దిక్కులేని శవాలకూ దహనం చేయించాడు. ఆత్మకు అవసరం లేకపోవచ్చు. రుణం మాత్రం బతికున్నవాళ్ళదని నేను నమ్ముతున్నాను. ఇషితో కలిసి తిన్నవాళ్ళు, అతని దగ్గర మాటలు నేర్చుకున్నవాళ్ళు ఆ రుణం ఎగ్గొట్టారు. 2000లో రెడ్డింగ్ రాంచెరియా, పిట్ రివర్ తెగలవాళ్ళు ఆ మెదడునూ చితాభస్మాన్నీ ఒకచోట చేర్చి, బయటివాళ్ళకి చెప్పని చోట పూడ్చుకున్నారు. వాళ్ళు అతని కడుపున పుట్టినవాళ్ళు కారు. అయినా అయినవాళ్ళయ్యారు.

మహాలయ అమావాస్యకి ముందు తమ్ముడికి ఫోన్ చేసి, ఈసారి తర్పణాల్లో ఒకాయన్ని తలుచుకోమన్నాను.

"పేరు?"

"తెలీదు."

"గోత్రం?"

"తెలీదురా."

కాసేపు మాట్లాడలేదు. "అలాంటివాళ్ళ కోసమే కదక్కా, నాన్న చివర్న తడి పంచె చెంగు పిండేవారు" అన్నాడు.