భాషాభ్యాసమున తారతమ్యము

హిందూపురపు బెల్లపు మండీలయందును, పట్టుగూళ్ల సంతయందును కొంతసేపు చెవి యొగ్గి నిలిచినవారికి, తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును ఒక్క బేరములోనే కలగలిసి వినవచ్చును. గౌరీబిదనూరు వైపునుండి వచ్చిన రైతు కన్నడమున ధర యడుగును. వర్తకుడు తెనుగున బదులు చెప్పును. ప్రక్కవాడు ఉర్దూలో నడుమ కల్పించుకొనును. వీరిలో నొకడు కొలది యేండ్లలో పరభాషను మాతృభాషవలె పలుకుచుండగా, అదే సంతలో, అంతే కాలము, అవే మాటలు వినుచు వచ్చిన మరియొకడు అంకెలను దాటి ముందునకు పోలేకుండును. వినికిడి సమానము, ఫలము అసమానము. సృష్టిలో ఈ వైషమ్యమేల యని మన తాత్త్వికులను చిరకాలము వేధించిన ప్రశ్న, సంతలో ఈ చిన్న రూపమును దాల్చినది.

బాదరాయణుడు బ్రహ్మసూత్రముల ద్వితీయాధ్యాయమున ఈ ప్రశ్నను సూటిగా నెదుర్కొని, ఈశ్వరునకు పక్షపాతము గాని నిర్దయ గాని లేదనియు, జీవుల కర్మము ననుసరించియే యాయన ఫలము నొసగుననియు సమాధానము చెప్పెను. కాళిదాసు కుమారసంభవమున పార్వతికి విద్యలు పూర్వజన్మమునుండియే వచ్చి చేరినవని వర్ణించుట ఈ విశ్వాసమునకు కావ్యరూపము. ఈ సమాధానము ఈశ్వరుని నిర్దోషిని జేయుటకు చాలును. ఉపాధ్యాయుని నిర్దోషిని జేయుటకు చాలదు. మనవారు తఱచుగా ఈ రెంటిని కలిపివేసి, నేర్పలేకపోయిన చోటనెల్ల శిష్యుని తలవ్రాతను ముందునకు త్రోయుచుందురు.

భవభూతి ఉత్తరరామచరితమున, గురువు తెలివిగలవానికిని మందునకును విద్యను సమముగానే పంచిపెట్టినను, మణి ప్రతిబింబమును గ్రహించునట్లు మట్టిగడ్డ గ్రహింపజాలదను మాట యున్నది. పండితులు దానిని పదేపదే స్మరింతురు గాని, అది యెవరి నోట వచ్చినదో యంతగా తలపరు. వాల్మీకి యాశ్రమమున కుశలవులతో కలిసి చదువజాలక వెడలివచ్చిన ఆత్రేయి యను తాపసి పలికిన మాట యది. ఆమె చదువు మానుకొన్నదా? లేదు. అగస్త్యాదులు వసించు దండకారణ్యమునకు, వేదాంతము నేర్చుకొనుటకై, కాలినడకను బయలుదేరినది! తన్ను మట్టిగడ్డలలో లెక్కించుకొనిన యా విద్యార్థిని గురువును మార్చినది, చోటును మార్చినది, సహాధ్యాయులను మార్చినది. నాటకకర్త యుద్దేశ మెట్టిదైనను, ఆమె నడకయే ఆమె మాటకు ప్రత్యుత్తరమని నా యభిప్రాయము.

భర్తృహరి వాక్యపదీయమున ప్రతిభకు ఆరు హేతువులను చెప్పినాడు: స్వభావము, ఆచరణము, అభ్యాసము, యోగము, అదృష్టము, విశిష్టులు ప్రసాదించుట. ఆఱింటిలో అదృష్టము, అనగా పూర్వకర్మము, ఒక్కటి మాత్రమే యనుట గమనింపదగినది. 1959లో అమెరికాలో కారల్, సపాన్ అను పండితులు పరభాష నేర్చు సామర్థ్యమును కొలుచుటకు ఒక పరీక్షను వెలువరించి, క్రొత్త ధ్వనులను పట్టి నిలుపుకొనుట, వాక్యములో పదము చేయు పనిని గుర్తించుట మొదలగు శక్తులు ఎల్లరియందు సమానముగా నుండవని చూపిరి. అదే యేట కెనడాలో గార్డ్నర్, లాంబర్ట్ అనువారు ఫ్రెంచి నేర్చు మాంట్రియల్ విద్యార్థులను పరిశీలించి, సహజశక్తితోపాటు ఆ భాష పలుకు జనముపట్ల గల మనోభావము కూడ ఫలమును నిర్ణయించునని తేల్చిరి.

పెనుగొండలో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) పదునాలుగు భాషలెఱిగినవారని ప్రసిద్ధి. చిన్నతనముననే రచించిన ‘పెనుగొండలక్ష్మి’ వారి విద్వాన్ పరీక్షకు వారికే పాఠ్యగ్రంథమైనదన్న కథ విన్నప్పుడెల్ల జన్మాంతర సంస్కారమను మాట నోట రాక మానదు. కాని ఇంట పండితుడైన తండ్రియు, ఊర ఆంగ్లసాహిత్యమును ప్రీతితో బోధించిన పిట్ దొరసానియు నుండిరన్నది కూడ ఆ కథలోనిదే. అనంతపురము సీమలోనే 1893లో జన్మించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించుచు, ప్రాకృతగాథలను తెనిగించి, కన్నడమునను గ్రంథములు రచించిరి. సంగీతమున వారిది ప్రామాణిక విద్వత్తు. ఆ శిక్షితమైన చెవి భాషాభ్యాసమునకు తోడ్పడినదా యని యూహించుటలో తప్పులేదు. ఇర్వురును బహుభాషావేత్తలే, దారులు మాత్రము వేఱు.

మీమాంసకుల మతమున శిశువు పెద్దల వ్యవహారమును చూచి భాష నేర్చును. ఆవును తెమ్మని యొకరందురు, వేఱొకరు తెత్తురు. గుఱ్ఱమును తెమ్మన్నపుడు తెచ్చునది మాఱును. శిశువు ఏ మాట మాఱినప్పుడు ఏ వస్తువు మాఱినదో కనిపెట్టును. పెద్దవాడు పరభాషలో మరల ఈ స్థితికి దిగిరావలెను. అచ్చటనే అహంకార మడ్డుపడును: తప్పు పలికి నవ్వులపాలగుట విద్యావంతునకు దుస్సహము, బస్తాలు మోయువానికి నిత్యవ్యవహారము. గీత నాలుగవ యధ్యాయము జ్ఞానార్జనకు వినయమును, ప్రశ్నను, సేవను విధించుచున్నది. సంతలో సాటివాని పలుకును తక్కువగా నెంచువానికి ఈ మూడును లేవు గనుక, వానికెంత చురుకైన చెవి యున్నను అంకెలే మిగులును.

మడకశిర ప్రాంతమున ఇంట కన్నడమును బడిలో తెలుగును పలుకు పిల్లలు కలరు. వారిలో నొకడు వెనుకబడినప్పుడు, వాని పూర్వజన్మమును చదువగల దివ్యదృష్టి ఏ పంతులకును లేదు. భర్తృహరి చెప్పిన తక్కిన యైదు హేతువులను పరీక్షించుట మాత్రము ఆయన చేతిలోని పనియే: వాని ప్రక్కన నెవడు కూర్చున్నాడు, వాడు తప్పు పలికినప్పుడు తరగతిలో నవ్విన దెవరు, వాని యింటి మాటను బడిలో నెవరైన ఆదరముతో విన్నారా?