యోమ్ కిప్పూర్: దైవక్షమకు ముందు మానవక్షమ

యూదుల పంచాంగంలో తిష్రీ మాసపు తొలి దినాన మొదలయ్యే రోష్ హషానా అనే నూతన సంవత్సర పర్వం నుంచి, పదవ దినాన వచ్చే యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినం వరకు సాగే కాలం ఆత్మపరిశీలనకు ప్రత్యేకమైనది. యోమ్ కిప్పూర్ నాడు భక్తులు సుమారు 25 గంటలపాటు అన్నపానాలు మాని, సినగాగు అనే ప్రార్థనా మందిరంలో గడుపుతారు.

అయితే ఉపవాసం ఒక్కటే అన్ని దోషాలనూ కడిగివేయదని ఆ సంప్రదాయమే స్పష్టం చేస్తుంది. క్రీ.శ. 200 ప్రాంతంలో సంకలితమైన మిష్నా అనే ధర్మసంహితలోని యోమా భాగం ప్రకారం, దైవం పట్ల చేసిన అపరాధాలకు ఈ దినం ప్రాయశ్చిత్తమవుతుంది గాని, తోటి మనిషికి చేసిన అపకారానికి ఆ మనిషిని ప్రసన్నుణ్ణి చేసుకునేంతవరకు నిష్కృతి లేదు. అందుచేత నష్టాన్ని పూడ్చడం, నొచ్చుకున్నవారిని మన్నింపు కోరడం ప్రార్థనకు ముందే జరగవలసిన పనులవుతాయి. మనస్ఫూర్తిగా కోరినవారిని క్షమించక కాఠిన్యం వహించడం కూడా తగదని 12వ శతాబ్దపు తత్త్వవేత్త మైమోనిడీస్ బోధించాడు.

తెషువా, అనగా పశ్చాత్తాపంతో సన్మార్గానికి మరలడం, పూర్వం తప్పు చేసిన పరిస్థితే మళ్లీ ఎదురై, చేయగల శక్తి ఉండి కూడా మనిషి దానికి దూరంగా నిలిచినప్పుడే సంపూర్ణమవుతుందని ఆయన మిష్నే తోరా గ్రంథంలో వివరించాడు. ఆ పరీక్ష పర్వదినాన మందిరంలో కాక, తరువాతి మామూలు దినాల్లో, ఇంట్లోనూ అంగడిలోనూ ఎదురవుతుంది. మరణానికి ఒకరోజు ముందు పశ్చాత్తాపపడాలన్న యూదు ధర్మగురువు రబ్బీ ఎలియెజెర్ బోధకు, ఆ రోజేదో ఎవరికీ తెలియదు గనుక ప్రతిదినమూ పశ్చాత్తాపానికి తగినదేనని, మిష్నాపై చర్చల సంకలనమైన తాల్ముద్ చెప్పే అర్థం, ఏడాదికొక్కసారి వచ్చే పర్వాన్ని నిత్యజీవన నియమంగా మారుస్తుంది.