ఏటిగట్టు

మా పాలకొల్లులో వుహాన్ అన్న పేరు 2020 దాకా ఎవరూ విన్న పాపాన పోలేదు. ఆ తర్వాత తెలియనివాళ్లు లేరు. ఇప్పటికీ ఆ పేరెత్తితే ముక్కు మీద గుడ్డ వెతుక్కుంటారు. ఒక ఊరు ఒక్క రోగంతో గుర్తుండిపోవడమంత అన్యాయం ఇంకోటుందా? మా ఊరిని ఎవరైనా దోమలతోనే గుర్తుపెట్టుకుంటే క్షీరారామలింగేశ్వరుడి గోపురం ఏమైపోవాలి!

వుహాన్ అసలు ఏటి ఊరండీ. యాంగ్‌ట్సీలో హాన్ నది వచ్చి కలిసేచోట వూచాంగ్, హాన్‌కౌ, హాన్‌యాంగ్ అనే మూడు ఊళ్లు వేర్వేరు గట్ల మీద పెరిగి, చివరికి ఒకే ఊరయ్యాయి. 1957లో యాంగ్‌ట్సీ మీద పైన రోడ్డు, కింద రైలు ఉండే వంతెన కట్టారు. 1974లో రాజమండ్రికి వచ్చిన రోడ్డు రైలు వంతెన ఎక్కినవాళ్లకి దాన్ని వేరే వర్ణించక్కర్లేదు.

ఏటి ఊరన్నాక వరద తప్పదు. 1931లో ఆ ఊరు మునిగింది. 1954లో నీళ్లు అంతకంటే ఎత్తుకి వచ్చాయి. హాన్‌కౌ దగ్గర 29.73 మీటర్లు. అయినా ఆసారి ఊరు నిలబడింది. గట్ల మీద జనం పడ్డ కష్టం ఒక కారణం. రెండోది చాలామంది చెప్పుకోరు. ఎగువన జింగ్‌జియాంగ్ దగ్గర వరద మళ్లించడానికని 1952లోనే గేట్లు కట్టి పెట్టుకున్నారు. 1954లో వాటిని మూడుసార్లు తెరిచి, నీళ్లని పల్లెల మీదికి, పొలాల మీదికి వదిలారు. పెద్ద ఊరు గట్టెక్కడానికి పల్లెలు మునిగాయి.

ఇది చదివిన రోజు నాకు కోపం వచ్చింది. వెంటనే 1986 ఆగస్టు జ్ఞాపకమొచ్చి ఆ కోపం కాస్తా చల్లారింది.

ఆ ఏడు ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు పోయింది. వశిష్ఠ ఏటిగట్టు మీద పెట్రోమాక్స్ లైట్లతో, ఇసుక బస్తాలతో కాపలా కాశాం. నీళ్లు గట్టు అంచున చెయ్యి ముంచితే తగిలేంత ఎత్తులో ఉన్నాయి. అర్ధరాత్రి పక్కనున్న ముసలాయన చుట్ట వెలిగించి, "అవతల గండి పడితే ఇవతల తగ్గుద్ది బాబూ" అన్నాడు. మనసులో మాట పైకన్నాడంతే. అక్కడున్న అందరం ఆ చీకట్లో అదే కోరుకుంటున్నాం. నేనూ కోరుకున్నాను. మా అక్కయ్యని ఇచ్చింది అవతలి గట్టు ఊళ్లోనే. ఆ సంగతి నాకు తెల్లారాక గాని తట్టలేదు.

అంచేత ఆ గేట్లు తెరిచినవాళ్లని నేనేమనగలను? లక్షల మందికోసం వేలమంది తడవక తప్పదన్నది లెక్క. లెక్కలో తప్పు లేదు. కాకపోతే ఆ లెక్క వేసేవాడు ఎప్పుడూ గట్టుకి ఇవతలే కూర్చుని ఉంటాడు. ఇంకో మాట. అక్కడ గేటు ఎత్తాలంటే ఎవరో ఒకరు ఆజ్ఞ ఇవ్వాలి, ఆ పాపం తన పేరున రాసుకోవాలి. మనకా బాధ కూడా లేదు. మన లంకలున్నది ఏటికీ గట్టుకీ నడుమ. గట్లు లేనప్పుడు వరద ఊరంతా పరుచుకునేది. గట్లు వేసి మనం ఒడ్డున పడ్డాం. పరుచుకునే చోటు పోయిన నీళ్లు పైకి లేచి లంకల్లోకి పోతాయి. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండో హెచ్చరిక విని మనం "ఇంకా ఫర్వాలేదులే" అని పక్క సర్దుకునే వేళకి లంకలో ఎవరో గేదెల్ని విప్పి పడవెక్కిస్తూ ఉంటారు. అంటే ఎవరు మునగాలో గట్టు వేసిన రోజునే తేలిపోయింది. ఏటేటా కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు.

1986 తర్వాత ఏటిగట్లు ఎత్తు చేశారు. మంచి పనే, నేనూ సంతోషించాను.

2022 జూలై వరద తీశాక మా బజారుకి అరటిపళ్లు తెచ్చే లంక మనిషి చాలా రోజులకి కనబడింది. అత్తం చేతికిస్తూ, "గట్టు ఎత్తు చేశాక మీకు బెంగ తీరిపోయిందాండీ?" అని అడిగింది. వెటకారమేమీ లేదు, మామూలుగానే అడిగింది.

"తీరిందమ్మా. మరి మీకో?"

"మాకు చూరు దాకా వచ్చిందండి."

ఆ పూట బేరమాడలేకపోయాను. పది రూపాయలు ఎక్కువ పోసి వచ్చానని ఇంటికొచ్చాక మా ఆవిడ దెబ్బలాడింది.