గెలవకముందే ఇచ్చే చేయి

2024 పారిస్ పారాలింపిక్స్‌లో మన తిరువళ్ళూరు అమ్మాయి మనీషా రామదాస్ బ్యాడ్మింటన్‌లో కాంస్యం గెలిచింది. ఆవడిలో ఉన్న మనకది పక్కింటి పండుగ.

చూడటానికి తేలికగా కనిపించే ఈ ఆట నేర్చుకోవడం ఖర్చుతో కూడిన పని. షటిల్‌కు 16 ఈకలుంటాయి. ఒక్కటి విరిగినా అది గతి తప్పుతుంది. గట్టిగా సాధన చేసే పిల్లలకు రోజూ కొత్తవి కావాలి. సామాన్య తల్లిదండ్రులు ఎంతకాలమని కొనగలరు?

ఆసరా దొరికితే ఏం జరుగుతుందో చూడండి. 2001లో ఆల్ ఇంగ్లండ్ టోర్నీ నెగ్గిన పుల్లెల గోపీచంద్, హైదరాబాద్‌లోని గచ్చిబౌలిలో అకాడమీ కోసం సొంతిల్లు తాకట్టు పెట్టారు. ప్రభుత్వం స్థలమిచ్చింది. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్ల రూపాయలు ఇచ్చారు. గోపీచంద్ శిక్షణలో చెమటోడ్చిన సైనా నెహ్వాల్ 2012లో, పి.వి. సింధు 2016లో ఒలింపిక్ పతకాలు తెచ్చారు.

డబ్బు పతకాన్ని కొనలేదు. కానీ కోర్టు వేయగలదు, కోచ్‌కు జీతమివ్వగలదు, పేదింటి పిల్ల చేతికి మంచి బ్యాట్ అందించగలదు. గెలిచినవారికి బహుమతులివ్వడం మంచిదే. ఇంకా పేరు రాని పిల్లలకు ఆసరా ఇవ్వడం అంతకన్నా మంచిది. కోటీశ్వరులు అకాడమీలు కట్టాలి. అభిమానులమైన మనం చప్పట్లతో ఆగకుండా, మన వీధి పిల్లలకు ఈ నెల ఒక డబ్బా షటిల్స్ కొనిద్దాం.