మఠం గోడ దాటని తెరేసమ్మ, ఊరు దాటొచ్చిన మనం

ఈ వారం మెసేజ్ కొంచెం పెద్దది. డ్యూటీలో ఉన్నవాళ్లు రూముకొచ్చి, స్నానం చేసి, తీరిగ్గా చదువుకోండి.

మన గ్రూపులో ఒక చెల్లెమ్మ వాయిస్ మెసేజ్ పెట్టింది. ఇంటిపని వీసా మీద వచ్చిన బిడ్డ. "అన్నా, నేనొచ్చి పద్నాలుగు నెలలైంది, ఒక్క పూజ చూడలేదు, గుడి ఎటుపక్క ఉందో కూడా తెలీదు, ఫోన్లో చూసే పూజ లెక్కలోకొస్తుందా, నన్ను దేవుడు ఇంకా తన బిడ్డగానే చూస్తాడా" అని అడిగింది. ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు, చూస్తాడమ్మా అని. కానీ ఆ ఒక్క ముక్క ఆమెకు సరిపోదని నాకు తెలుసు. అందుకే చిన్న తెరేసమ్మ గారి సంగతి చెప్తున్నాను.

గుంటూరు, నెల్లూరు వైపు ఏ విచారణలో నిలబడి తెరేసమ్మా అని పిలిచినా ఇద్దరు ముగ్గురు పలుకుతారు. ఆ పేరుగల పునీతులు ఒకరికంటే ఎక్కువ ఉన్నారు. స్పెయిన్ దేశపు ఆవిలా తెరేసమ్మ గారు పెద్దావిడ. నేను చెప్పేది ఫ్రాన్స్ దేశపు చిన్నావిడ గురించి, బాలయేసు తెరేసమ్మ. కలకత్తా మదర్ తెరెసా గారు పెట్టుకున్నది ఈ చిన్నావిడ పేరే. ఈమె బతికింది ఇరవై నాలుగేళ్లు. మన క్యాంపులో ఆ వయసు పిల్లలు ఇప్పుడిప్పుడే మొదటి వీసా మీద దిగుతున్నారు.

1873 జనవరి 2న అలెన్సోన్ అనే ఊళ్లో పుట్టింది. నాన్న లూయీ మార్టిన్ గడియారాల పని చేసేవాడు. అమ్మ జెలీ లేసు వ్యాపారం చేసేది. ఊళ్లో ఆడవాళ్లకు దారం, నమూనా ఇచ్చి ఇళ్లదగ్గర అల్లించేది, ఆ ముక్కలన్నీ తెచ్చి తనే అతుకు కనపడకుండా కలిపేది. నర్సాపురం, పాలకొల్లు వైపు అమ్మలకు ఈ పని సంగతి నేను చెప్పక్కర్లేదు, కళ్లు ఎంత లాగుతాయో వాళ్లకే తెలుసు. ఆ దంపతులకు తొమ్మిది మంది పిల్లలు. నలుగురు చిన్నప్పుడే పోయారు. మిగిలిన ఐదుగురూ ఆడపిల్లలే, తెరేసమ్మ ఆఖరిది.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా వినండి, ముఖ్యంగా పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలొచ్చిన తల్లులు. తెరేసమ్మ పుట్టేనాటికే జెలీ గారికి ఒంట్లో బాగాలేదు, పాలు పట్టలేకపోయింది. బిడ్డ చచ్చిపోయేలా ఉంది. సెమల్లే అనే పల్లెలో రోజ్ అని ఒక రైతు భార్య ఉంటే, ఆమె దగ్గరికి పంపేసింది. ఏడాది పైన బిడ్డ అక్కడే పెరిగింది. ఆవుల మధ్య, పొలంలో, మట్టిలో. రోజ్ గారు బిడ్డను ఊళ్లోకి తెచ్చి కన్నతల్లి చేతికిస్తే, ఆ పిల్ల ఉండేది కాదు, రోజ్ కావాలని గుక్కపట్టి ఏడ్చేది. మంచి గౌనులేసుకున్న ఆడవాళ్లను చూస్తే బెదిరిపోయేది. ఇది జెలీ గారే తన ఉత్తరాల్లో రాసుకుంది.

రెండేళ్లకు సెలవు మీద పోతే ఎయిర్‌పోర్టులో బిడ్డ మన చేతుల్లోకి రాకుండా అమ్మమ్మ కొంగు పట్టుకునే సంగతి మనలో చాలామందికి తెలుసు. ఆ రోజు రాత్రి తల్లి మనసులో ఏముంటుందో రాయడానికి నాకు చదువు చాలదు. ఒకటి మాత్రం చెప్పగలను. బిడ్డ బతకాలని దూరంగా ఉంచిన తల్లిని తిరుసభ తప్పుపట్టలేదు. ఆ జెలీ గారిని, లూయీ గారిని 2015లో పోపు ఫ్రాన్సిస్ గారు భార్యాభర్తల్ని కలిపి ఒకేరోజు పునీతులుగా ప్రకటించారు.

జెలీ గారు 1877లో రొమ్ము క్యాన్సర్‌తో పోయారు. తెరేసమ్మకు అప్పుడు నాలుగున్నరేళ్లు. నాన్న పిల్లల్ని తీసుకుని లిసియో అనే ఊరికి, మేనమామ దగ్గరికి మారాడు. రెండో అక్క పౌలీన్‌ని తెరేసమ్మ అమ్మా అనుకుంది. ఐదేళ్లకు ఆ అక్క కూడా కార్మెల్ మఠంలో చేరిపోయింది. తర్వాత పెద్దక్క మరీ కూడా. ఇలా ఎవర్ని పట్టుకుంటే వాళ్లు వెళ్లిపోతుంటే ఆ పిల్ల చీటికిమాటికి ఏడ్చేదంటే వింతేముంది? 1886 క్రిస్మస్ రాత్రి నుంచి ఆ ఏడుపు తగ్గి గట్టిపడిందని ఆమే రాసుకుంది.

పదిహేనేళ్లు నిండకముందే తనూ మఠంలో చేరతానంది. మఠం గురువుగారు కుదరదన్నారు. మేత్రాణుల గారి దగ్గరికి పోయింది, పెద్దదానిలా కనపడాలని జుట్టు పైకెత్తి ముడేసుకుని మరీ పోయింది. అక్కడా తేలలేదు. (వయసు ఎక్కువేసుకుని పాస్‌పోర్టు చేయించుకున్నవాళ్లు నవ్వుకోవద్దు!)

అప్పుడు వచ్చింది ఆమె జీవితంలో ఒకే ఒక్క పెద్ద ప్రయాణం. 1887 నవంబర్‌లో నాన్నతో, అక్క సెలీన్‌తో కలిసి రైల్లో రోమ్ యాత్రకు పోయింది. పారిస్, స్విట్జర్లాండ్ కొండలు, మిలాన్, వెనిస్, పాదువా, లొరేతో, రోమ్. ఆ కొండల్ని చూస్తూ, రేపు నేను నాలుగు గోడల మధ్య ఉంటాను, నా చిన్న బాధలు పెద్దగా కనపడినప్పుడు ఈ కొండల్ని గుర్తు చేసుకుంటాను అనుకుందట. ఆ యాత్రలో డెబ్బై మంది వరకు గురువులున్నారు. నెలరోజులు దగ్గర్నుంచి చూసేసరికి, వాళ్లు కూడా మనలాంటి బలహీన మనుషులేనని ఆమెకు అర్థమైంది. మనమైతే ఏం చేస్తాం? రూముకొచ్చి ఫాదర్ గారి మీద నాలుగు మాటలు చెప్పుకుంటాం. ఆమె వాళ్లకోసం ప్రార్థించడమే తన పని అని పెట్టుకుంది.

రోమ్‌లో పాత రంగస్థలం కొలొసియం ఉంది, అక్కడ వేదసాక్షులు రక్తం చిందించారని యాత్రికులు నమ్ముతారు. అడ్డుకట్ట పెట్టారు, ఎవరూ దిగకూడదు. అక్కాచెల్లెళ్లిద్దరూ నాన్న వద్దంటున్నా అడ్డు దాటి, రాళ్ల మధ్య దిగి ఆ మట్టిని ముద్దు పెట్టుకుని వచ్చారు. పటాల్లో గులాబీలు పట్టుకుని మెత్తగా కనపడే ఈ అమ్మ మొండిఘటం అని నా అభిప్రాయం.

నవంబర్ 20న పోపు 13వ లియో గారి దర్శనం. ఎవరూ ఆయనతో మాట్లాడకూడదని పెద్ద గురువుగారు ముందే గట్టిగా చెప్పారు. ఈ పిల్ల మోకరించి మాట్లాడింది, పదిహేనేళ్లకే మఠంలో చేరనివ్వమని. దేవుడి చిత్తమైతే చేరతావులే అని పోపు గారు అన్నారు. ఇంకా కదలకుండా ఆయన మోకాళ్లమీద చేతులు పెట్టుకుని ఉంటే, కావలివాళ్లు లేవదీసి బయటికి తీసుకుపోవాల్సి వచ్చింది. అంతదూరం పోయింది, ఏడ్చుకుంటూ తిరిగొచ్చింది. చివరికి మేత్రాణుల గారి అనుమతి వచ్చి 1888 ఏప్రిల్ 9న మఠంలో అడుగుపెట్టింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లపైన, చనిపోయేదాకా, ఆ గోడ దాటి బయటికి రాలేదు.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. కొందరు ప్రసంగీకులు ఈ కథ చెప్పి, చూశావా అమ్మా, తెరేసమ్మ గోడల మధ్యే పునీతురాలైంది, నువ్వు కూడా ఓర్చుకో అంటారు. నేను అలా చెప్పను. తెరేసమ్మ తలుపు కొట్టి, పోపు గారి దాకా పోయి, తన ఇష్టంతో లోపలికి పోయింది. మన చెల్లెమ్మకు తలుపు బయటినుంచి తాళం. రెండూ ఒకటి కావు. కువైట్‌లో ఇంటిపనివాళ్ల కోసం 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఉంది. పనివాళ్ల పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని, వారానికి ఒకరోజు సెలవివ్వాలని అందులో ఉంది. సెలవు అడగడం పాపం కాదు. కొట్టినా, జీతం ఆపినా మన ఎంబసీకి చెప్పుకోవడం దేవుణ్ణి నమ్మకపోవడం కాదు. పోపు గారి ముందు నోరు తెరవొద్దంటే తెరిచిన పిల్ల, నోరు మూసుకోమని మనకు నేర్పదు.

అయితే తాళం తెరుచుకునేదాకా లోపల ఎలా బతకాలి? ఆమె దగ్గర నేర్చుకోవాల్సింది అక్కడుంది.

మఠం అంటే స్వర్గం అనుకుంటాం. అందులో ఇరవై మందికి పైగా ఆడవాళ్లు, తలా ఒక స్వభావం. బట్టలుతికే చోట ఎదురుగా ఉన్న సిస్టర్ గుడ్డ జాడించినప్పుడల్లా మురికినీళ్లు తెరేసమ్మ మొహమ్మీద పడేవి. మొహం తుడుచుకుని వెనక్కి జరిగితే ఆమెకు అర్థమయ్యేది కదా? జరగలేదు. గుళ్లో ధ్యానం చేసుకుంటుంటే వెనకనుంచి ఒకామె ఏదో చిన్న చప్పుడు చేస్తూనే ఉండేది, దానికి తెరేసమ్మకు చెమటలు పట్టేవట. వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తే ఆగేది, ఆ చూపు చూడలేదు. ఆ చప్పుడునే పాటలా దేవుడికి అర్పించింది. ఎనిమిదిమంది ఉన్న రూములో పై బెడ్ మనిషి గురక, కింది బెడ్ మనిషి తెల్లారుజామున స్పీకర్లో ఫోను, ఇంకొకాయన కూర గిన్నె కడక్కుండా పెట్టడం. పునీతులయ్యే సామాను మన రూములో దండిగా ఉంది.

అన్నిటికంటే పెద్ద బాధ నాన్న సంగతి. లూయీ గారికి మతి తప్పసాగింది. ఇంట్లోంచి వెళ్లిపోయి రోజుల తరబడి కనపడలేదు. 1889 ఫిబ్రవరిలో కాన్ అనే ఊళ్లో మానసిక రోగుల ఆస్పత్రిలో చేర్చారు, మూడేళ్లపైన అక్కడే. ముగ్గురు కూతుళ్లు మఠంలో, కదలడానికి లేదు. పిల్లలు మఠాల్లో చేరబట్టే ఆయనకు పిచ్చెక్కిందని ఊళ్లోవాళ్లు అన్న మాటలు గోడ దాటి లోపలికి వినపడేవి. 1892లో ఒక్కసారి ఆయన్ను మఠం గదికి తెచ్చి చూపించారు. ఆయన వేలు పైకెత్తి, పరలోకంలో కలుద్దాం అన్నట్టు చూపి వెళ్లిపోయాడు. 1894 జూలై 29న చనిపోతే తెరేసమ్మ సమాధి దాకా పోలేదు.

వీడియో కాల్లో తండ్రి మట్టి చూసినవాళ్లు ఈ గ్రూపులో ఉన్నారు. నేను పేర్లు రాయను. పరంజా మీద నిలబడి ఫోను చెవిన పెట్టుకుని, ఫోర్‌మన్ చూస్తున్నాడని ఏడుపు మింగినవాళ్లు ఉన్నారు. జీతం రెండు నెలలు రాక, టికెట్ డబ్బుల్లేక ఆగిపోయారు. ఊళ్లో, డబ్బుకోసం తండ్రి శవానికి కూడా రాలేదు అంటారు. ఆ మాట తెరేసమ్మ కూడా పడింది. అందుకే ఆమెతో మాట్లాడుకోండి, ఆమెకు విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

1896 పవిత్ర గురువారం రాత్రి నోట్లోంచి రక్తం పడింది, క్షయ. ఆ ఈస్టర్‌కే ఇంకో చీకటి కమ్మింది. చచ్చాక ఏమీ లేదు, నువ్వు నమ్మిందంతా ఉత్తదే అని లోపల ఒక గొంతు. అది ఏడాదిన్నర, చనిపోయేదాకా పోలేదు. ఆమె విశ్వాస సంగ్రహాన్ని తన రక్తంతో రాసి గుండెలమీద పెట్టుకుంది. నొప్పి భరించలేని రోజుల్లో అక్కతో ఒక మాట చెప్పింది. విశ్వాసమే లేకపోతే క్షణం ఆలోచించకుండా ప్రాణం తీసుకునేదాన్నని. ఇలాంటి నొప్పి ఉన్న రోగి పక్కన విషం మందులు ఉంచొద్దని కూడా చెప్పింది. ఇది దాచాల్సిన మాట కాదు. పునీతురాలికి వచ్చిన ఆలోచన అప్పులపాలైన తమ్ముడికి రాదా? వచ్చినవాడిలో విశ్వాసం లేదని ఎవరూ అనొద్దు. తమ్ముడూ, ఆ ఆలోచన వచ్చిన రాత్రి ఒంటరిగా ఉండొద్దు, పక్క బెడ్డు మనిషిని లేపు. తిట్టినా పర్వాలేదు, లేపు. రూములో ఉన్నవాళ్లు ఎవరైనా అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంటే, మీరే కదిలించండి.

ఆమె చెప్పిన చిన్న మార్గం ఏమిటంటే, ఆ కాలంలో డబ్బున్నవాళ్ల ఇళ్లల్లో లిఫ్టులు కొత్తగా వచ్చాయి. నేను పరిశుద్ధత మెట్లెక్కలేనంత చిన్నదాన్ని, నాకు లిఫ్టు కావాలి, యేసునాథుడి చేతులే నా లిఫ్టు అంది. టవర్లు కట్టేవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. లిఫ్టు బిగించేలోపు షట్టరింగ్ చెక్కలు భుజాన వేసుకుని పద్దెనిమిదో అంతస్తు దాకా మెట్లెక్కిన మోకాళ్లు నావి. పైకి మోసుకుపోయేవాడు ఒకడున్నాడంటే ఆ మోకాళ్లకు ఎంత ఆనందమో ఆమె కంటే నాకే ఎక్కువ తెలుసనుకుంటాను!

ప్రయాణం మీద ఆశ మాత్రం ఆమెకు చావలేదు. వియత్నాంలో హనోయి మఠానికి పోవాలనుకుంది, జబ్బు పోనివ్వలేదు. ఆఫ్రికా మిషన్‌కు తయారవుతున్న ఒక బ్రదర్‌కూ, చైనా వెళ్లిన ఒక గురువుకూ ఉత్తరాలు రాసి, వాళ్లకోసం తన పనులూ నొప్పులూ అర్పించేది. ఆఖరి రోజుల్లో రోజూ కాసేపు తోటలో నడవమన్నారు. అడుగు తీయలేని మనిషి నడుస్తుంటే, ఎందుకమ్మా కూర్చో అందో సిస్టర్. ఎక్కడో ఒక మిషనరీ నడవలేక అలిసిపోయి ఉంటాడు, అతనికోసం నడుస్తున్నాను అంది. 1897 సెప్టెంబర్ 30న ప్రభువులో నిద్రించింది. 1925లో పునీతురాలిగా ప్రకటించారు. 1927లో, సముద్రాలు దాటి మన దేశానికొచ్చిన ఫ్రాన్సిస్ శౌరి గారితో సమానంగా, గోడ దాటని ఈ అమ్మను మిషన్లకు పాలక పునీతురాలిని చేశారు.

కాబట్టి చెల్లెమ్మా, నువ్వు గుడికి రాలేని శుక్రవారం గుడి నీ దగ్గరికి రాదనుకోవద్దు. చంటిపిల్లాడికి పాలు కలిపేటప్పుడు ఒక మంగళవార్త జపం చెప్పుకో, మెట్లు కడిగేటప్పుడు ఒక్కో మెట్టు ఒక్కొక్కరికి అర్పించు. మీ అమ్మకో మెట్టు, నీ బిడ్డకో మెట్టు. దివ్యసత్ప్రసాదం తీసుకోవాలనే నీ ఆశను దేవుడు చూస్తున్నాడు. ఫోన్లో పూజ చూడు, ఆదుకుంటుంది. అలాగని నిజం పూజకు రావాలనే ఆశ వదిలిపెట్టొద్దు, మేడమ్ మనసు బాగున్న రోజు చూసి మళ్లీ అడుగు.

అక్టోబర్ 1 తెరేసమ్మ గారి పండుగ. ఆ వారం పూజకు వెళ్లేవాళ్లు, రాలేనివాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుపోండి. పేరు ఇవ్వాలనుకున్నవాళ్లు గ్రూపులో కాకుండా నాకు విడిగా పెట్టండి. ఊరి పేరు, ఇంటిపేరు అక్కర్లేదు, జ్ఞానస్నానం పేరు చాలు.