ఎడమవైపు చూడండి

ఊరిని చూపించేవాడు దేన్ని చెప్పకుండా వదిలేయొచ్చు? లేనిది చెప్తే అబద్ధం అని తేలిగ్గానే అనేస్తాం. ఉన్నది చెప్పకపోవడం ఎప్పుడు తప్పు, ఎప్పుడు మర్యాద అన్నది మాత్రం అంత తేలిగ్గా తేలదు. టూరిస్టు బస్సు గురించి ఇంత పెద్ద ప్రశ్న ఎందుకని మీరు అడగొచ్చు. ఒక ఊరి చరిత్ర పుస్తకం కొని చదివేవాళ్లు ఎంతమంది? బస్సెక్కి తిరిగేవాళ్లు ఎంతమంది? చాలామంది ఇంటికి తీసుకెళ్లే విశాఖపట్నం ఆ మైకులోంచి వచ్చిందే. కాబట్టి ఆ మైకు ఏం చెప్తోందో, ఏం చెప్పట్లేదో కొంచెం పట్టించుకోవాలి.

పోయిన చలికాలంలో హైదరాబాదు స్నేహితుల కుటుంబంతో కలిసి అలాంటి బస్సొకటి ఎక్కాను. తిరిగిన చోట్లు అందరికీ తెలిసినవే: సింహాచలం, కైలాసగిరి, రుషికొండ, బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్, రోడ్డుకి అవతల టీయూ-142 విమానం. గైడుకి యాభై దాటి ఉంటాయి. గొంతు బాగుంది, ఊరంటే ప్రేమ ఉంది. ఆయన "ఎడమవైపు చూడండి" అంటే నలభై తలలు ఒక్కసారి ఎడమకి తిరిగేవి. అది చిన్న అధికారం కాదు.

ఆయన సంతోషాలే చెప్పాడనుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి దగ్గరే తీరం దాటిన సంగతి కైలాసగిరి మీద నిలబెట్టి చెప్పాడు. కూలిన చెట్లు, కరెంటు లేని రాత్రులు, ఊరు మళ్లీ పచ్చబడిన తీరు. పిల్లలు కూడా నోరు తెరుచుకుని విన్నారు. అయితే అదే రోజు పొద్దున సింహాచలానికి గోపాలపట్నం మీదుగా వెళ్లాం. అక్కణ్ణుంచి ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గరే. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి నిద్రపోతున్న ఊరి మీదకి వచ్చింది. 12 మంది చనిపోయారు. మైకు ఆ కాసేపూ గుడి వేళల గురించి, ప్రసాదం గురించి మాట్లాడింది.

రెండూ ఈ ఊరికి జరిగినవే. ఒకటి టూర్‌లో భాగమైంది, రెండోది కాలేదు. నాకు తోచిన కారణం ఒకటే: తుఫానుకి యజమాని లేడు. దాని కథలో ఊరు దెబ్బతింటుంది, తట్టుకుంటుంది, గెలుస్తుంది. గ్యాస్ కథ చెప్తే మాత్రం ట్యాంకు ఎవరిది, ఎవరు చూసుకోవాలి, జనం ఇళ్ల పక్కన అది ఎందుకుంది అని ఎవరో ఒకరు అడుగుతారు. ఉక్కు ఫ్యాక్టరీ విషయంలోనూ అంతే. 1966 ఉద్యమం, అందులో పోయిన ప్రాణాలు ఆయన గర్వంగా చెప్పాడు. దానికోసం భూములిచ్చి, ఆ తర్వాత ఉద్యోగాల కోసం ఏళ్ల తరబడి తిరిగిన నిర్వాసితుల మాట రాలేదు. బీచ్‌లో 1971 యుద్ధ స్మారకం దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఈ తీరంలోనే మునిగిందన్నాడు. అందులో 90 మందికి పైగా మనుషులున్నారని అనలేదు. ఎవరినీ వేలెత్తి చూపనక్కర్లేని దుఃఖానికే మన పర్యాటకంలో చోటుంది.

ఇక్కడితో ఆపేస్తే గైడుని ముద్దాయిని చేసినట్టవుతుంది. అది న్యాయం కాదు. టీ దగ్గర ఆయన్నే అడిగాను. "మాస్టారూ, పొద్దున వెంకటాపురం పక్కనుంచే వచ్చాం కదండీ, ఏం చెప్పలేదేం?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "మా మేనత్తగారిల్లు అక్కడే బాబూ" అన్నాడు. కాసేపాగి, "అడిగినోళ్లకి చెప్తాను. అడగనోళ్లకి చెప్తే ఏటవుద్ది? అందరూ ఫోన్లు బయటికి తీస్తారు. అదేటి, చూసే వస్తువా?"

ఆ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆయన మౌనంలో భయం ఎంతో తెలీదు గానీ మర్యాద మాత్రం ఉంది. మనుషులు చచ్చిపోయిన వీధిలో ఏసీ బస్సు ఆగడం, అద్దంలోంచి ఇరవై కెమెరాలు ఆ ఇళ్లవైపు తిరగడం ఊహించండి. ఆ ఇంటి ముందు బట్టలారేసుకుంటున్న మనిషి ఏం పాపం చేసింది? ముంబయి ధారావిలో డబ్బులు తీసుకుని బస్తీ చూపించే టూర్ల మీద ఎప్పట్నుంచో నడుస్తున్న గొడవ ఇదే. చూడకపోతే దాచినట్టు, చూస్తే వాళ్ల బతుకుని బొమ్మల కొలువు చేసినట్టు.

అయినా "అడిగినోళ్లకి చెప్తాను" అన్న ఆయన సూత్రంతో నాకు పేచీ ఉంది. నేను రోజూ చేసే పనిలో సెర్చ్ బాక్సు ఒకటి ఉంటుంది. అది గొప్పదే, కానీ తెలిసిన పేరుకే పనికొస్తుంది. పేరే తెలియనిదాన్ని ఎవడూ వెతకడు. బస్సులో వెంకటాపురం గురించి నేను అడగగలిగానంటే అప్పటికే నాకు తెలుసు కాబట్టి. నా వెనక సీట్లో కూర్చున్న పదేళ్ల పిల్లకి తెలీదు. ఆ పిల్ల అడగలేదు కాబట్టి చెప్పక్కర్లేదంటే, తెలిసినవాళ్లకే తెలియజేస్తామని అన్నట్టు.

అందుకని నేను ఒక గీత గీసుకున్నాను. పేరు చెప్పడం వేరు, చూపించడం వేరు. పేరు చెప్పడం ఊరు చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకీ బాకీ. చూపించే హక్కు మాత్రం అది అనుభవించినవాళ్లదే. గోపాలపట్నం దాటేటప్పుడు బస్సు ఆగక్కర్లేదు, తలలు తిరగక్కర్లేదు. "ఇక్కడికి దగ్గర్లోని వెంకటాపురంలో 2020లో గ్యాస్ లీకై 12 మంది పోయారు" అంటే చాలు. ఒక్క వాక్యం. సెలవుకొచ్చినవాళ్ల సరదా పాడవుతుందంటారా? హుద్‌హుద్ కథ విన్నాక కూడా అందరూ ఐస్‌క్రీములు తిన్నారు. ఆ వాక్యం బరువు గైడు ఒక్కడి మీదే వేయకూడదు కూడా. మైకు ఆయన చేతిలో ఉంది గానీ, అందులో చెప్పే జాబితా రాసేది ఆయన కాదు.

హక్కున్నవాళ్లు చూపిస్తే ఎలా ఉంటుందో ఆ బస్సు ఆగిన చోటే కనిపించింది. కురుసుర 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఇసుక మీద మ్యూజియంగా ఉంటోంది. లోపల వివరించేది రిటైరైన నావికులే. మాకు చూపించినాయన ఇరుకు బెర్తు మీద చెయ్యి వేసి "ఇలాంటి దాంట్లోనే పడుకునేవాళ్లం" అన్నాడు. అక్కడ ఫోన్లు బయటికొచ్చినా ఎవరికీ అవమానం జరగలేదు. తన బతుకుని తనే చూపిస్తున్నాడు, ఎంతవరకు చూపించాలో తనకి తెలుసు.

సాహిత్యంలో ఈ పని ఈ ఊళ్లోనే ఒకాయన చేసి వెళ్లాడు. రావిశాస్త్రి వకీలు. విశాఖ కోర్టులు, పోలీసులు, సారా కేసులు ఆయన కథల్లో నిండా ఉన్నాయి. కానీ "వీళ్లని చూడండి" అని ఆయన మనల్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టడు. "మాయ" కథలో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ మాట్లాడుతుంటే కుర్ర వకీలు వింటాడు. లోకం ఎలా నడుస్తుందో చెప్పేది ఆవిడే. అంటే గైడు ఆవిడ, ప్రయాణికుడు వకీలు.

వెంకటాపురం వాళ్లు ఎప్పుడైనా మా వీధికి రండి, మేమే చెప్తాం అంటే అప్పుడు వెళ్లొచ్చు. బస్సు బయటే ఆపి, నడిచి. అంతవరకు మైకులో ఆ ఊరి పేరు వినబడాలి. ఆ పదేళ్ల పిల్ల ఎప్పటికైనా వెతకాలంటే దానికి ఆ పేరన్నా తెలియాలి కదా.