అవసరమూ, అలవాటూ

జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే అమలులోకి వచ్చినది. ఆ నగరంలోని బిష్టుపూర్‌లో రాత్రి షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరి, తెల్లవారుతుండగా ఆసనం వేసుకొని కూర్చున్న ఒక కార్మికుని ఊహించుకొనవచ్చును. అతని కనురెప్పలు వాలుతున్నవి. మనస్సు తేనీటి మీదికి పోతున్నది. ఈ రెంటిలో ఏది అవసరం? ఏది అలవాటు?

పతంజలి నిద్రను చిత్తవృత్తులలో చేర్చినాడు. అంతమాత్రాన నిద్ర మానడమే యోగమనుకొనడం పొరపాటు. అతిగా నిద్రించేవానికే కాదు, అతిగా మేల్కొనేవానికి సైతం యోగం సిద్ధించదని గీత ఆరవ అధ్యాయం హెచ్చరిస్తున్నది.

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్న సామెతలోనే ఈ రెంటినీ వేరుచేసే గుర్తు ఉన్నది. ఆకలిగొన్నవానికి గంజి చాలును. అలసినవానికి కటికనేల చాలును. అవసరం వాయిదా వేసినకొద్దీ బలపడుతుంది. అలవాటు ఫలానా వేళకు ఫలానా రుచినే కోరుతుంది. ఆ వేళ దాటితే తరచు దానంతట అదే సడలుతుంది. కనుక తేనీటిని కొంతసేపు ఆపి చూడవచ్చును. నిద్ర చాలని ఆ కార్మికునికి మాత్రం ఆ ఉదయం పడుకొనడమే సాధన.

అయితే ఈ పరీక్ష ఎవరికి వారు పెట్టుకొనవలసినదే కాని, ఇతరులకు పెట్టదగినది కాదు. ఒకని అలసటను వట్టి అలవాటని మరొకడు తీర్పు చెప్పినప్పుడు వైరాగ్యం క్రౌర్యంగా మారుతుంది. పనిగంటలకు నియమం అవసరమైనది ఇందుకే: ఆ తీర్పు పని చేయించుకొనేవాని ఇష్టానికి వదలదగినది కాదు.